ప్రభుత్వం కూలితే రాళ్లు ఎంబసీల మీదే ఎందుకు పడతాయి? ఢాకా, అగర్తలా, టెహ్రాన్ చెప్తున్న పాఠం ఇదే!

ఒక దేశంలో ప్రభుత్వం కూలిపోతుంది. జనం రోడ్ల మీదకు వస్తారు. ముందు ప్రధాని నివాసం, తర్వాత పార్టీ ఆఫీసులు, ఆ తర్వాత గుంపు చూపు ఒక గేటు మీద పడుతుంది. ఆ గేటు వెనక ఎగిరేది సొంత దేశం జెండా కాదు, పొరుగు దేశానిది. టెహ్రాన్ నుంచి ఢాకా వరకు, కిన్షాసా నుంచి డమాస్కస్ వరకు జరిగింది ఇదే. అల్లర్లు ఎక్కడ మొదలైనా విదేశీ దౌత్య కార్యాలయాలు టార్గెట్ అవుతున్నాయి. అసలు ఎందుకిలా? దాడి జరిగితే బాధ్యత ఎవరిది? పగిలిన ఆ అద్దాల ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతోంది?

ఢాకాలో మొదలైన మంట

2024 ఆగస్టు 5. బంగ్లాదేశ్‌లో రిజర్వేషన్ల వ్యతిరేక ఉద్యమం ప్రభుత్వ వ్యతిరేక తిరుగుబాటుగా మారింది. ప్రధాని షేక్ హసీనా రాజీనామా చేసి భారత్‌కు వచ్చేశారు. ఢిల్లీ పక్కనే ఉన్న హిండన్ ఎయిర్‌బేస్‌లో ఆమె విమానం దిగింది. అక్కడ ఢాకాలో ఆమె అధికార నివాసం గణభవన్‌లోకి జనం చొరబడ్డారు. చేతికి దొరికింది పట్టుకుపోయారు.

అదే రోజు ధన్మండి ప్రాంతంలో ఉన్న ఇందిరాగాంధీ కల్చరల్ సెంటర్ మీద దాడి జరిగింది. అది భారత్ నడిపే సాంస్కృతిక కేంద్రం. యోగా, సంగీతం, హిందీ క్లాసులు నడిచే చోటు. రాజకీయాలతో సంబంధం లేని పిల్లలు వచ్చి పాటలు నేర్చుకునే భవనం. అయినా వదల్లేదు.

మర్నాడు పార్లమెంటులో విదేశాంగ మంత్రి జైశంకర్ పరిస్థితి వివరించారు. బంగ్లాదేశ్‌లో సుమారు 19 వేల మంది భారతీయులు ఉన్నారని, అందులో 9 వేల మంది దాకా విద్యార్థులేనని, వాళ్లలో చాలామంది జులైలోనే తిరిగొచ్చేశారని చెప్పారు. ఢాకాలో హైకమిషన్‌తో పాటు చట్టోగ్రామ్, రాజ్‌షాహీ, ఖుల్నా, సిల్హెట్‌లలో అసిస్టెంట్ హైకమిషన్లు ఉన్నాయని, వాటికి అక్కడి ప్రభుత్వం రక్షణ కల్పిస్తుందని ఆశిస్తున్నామని అన్నారు. ఇక్కడ చిన్న వివరణ. కామన్వెల్త్ దేశాల మధ్య ఎంబసీని హైకమిషన్ అంటారు. పేరు వేరు, పని ఒక్కటే.

అయితే జైశంకర్ ఆ మాట అన్న సమయానికి రక్షణ కల్పించాల్సిన ప్రభుత్వమే ఢాకాలో లేదు. మహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం ప్రమాణం చేసింది ఆగస్టు 8న. మధ్యలో మూడు రోజులు పోలీసులు స్టేషన్లు వదిలేసి వెళ్లిపోయిన పరిస్థితి. అత్యవసరం కాని సిబ్బందిని, వాళ్ల కుటుంబాలను భారత్ వెనక్కి తెచ్చేసింది. దౌత్యవేత్తలు మాత్రం అక్కడే ఉండి హైకమిషన్ నడిపారు.

నాలుగు నెలల్లో సీన్ రివర్స్

కథ ఇక్కడితో ఆగితే "వాళ్లు చేశారు, మనం భరించాం" అని చెప్పేసుకోవచ్చు. కానీ ఆగలేదు.

2024 నవంబర్ 25న బంగ్లాదేశ్‌లో హిందూ సన్యాసి చిన్మయ్ కృష్ణదాస్‌ను దేశద్రోహం కేసులో అరెస్టు చేశారు. మర్నాడు చట్టోగ్రామ్ కోర్టు బెయిల్ తిరస్కరించింది. అక్కడ జరిగిన ఘర్షణల్లో ఒక న్యాయవాది చనిపోయారు. భారత్‌లో నిరసనలు మొదలయ్యాయి.

డిసెంబర్ 2న త్రిపుర రాజధాని అగర్తలాలో బంగ్లాదేశ్ అసిస్టెంట్ హైకమిషన్ ముందు ఆందోళన జరిగింది. కొందరు నిరసనకారులు గేటు దాటి లోపలికి దూసుకెళ్లారు. ఆస్తులు ధ్వంసం చేశారు. బంగ్లాదేశ్ జెండాను కిందకు లాగి అవమానించారు. ఈసారి దాడి జరిగింది మన గడ్డ మీద. రక్షణ కల్పించాల్సిన బాధ్యత మన పోలీసులది.

మరి భారత్ ఏం చేసింది? అదే రోజు విదేశాంగ శాఖ ప్రకటన ఇచ్చింది. ఈ ఘటన తీవ్ర విచారకరమని, ఎలాంటి పరిస్థితుల్లోనూ దౌత్య, కాన్సులర్ ఆస్తులను టార్గెట్ చేయకూడదని అందులో స్పష్టంగా చెప్పింది. దేశంలోని మిగతా బంగ్లాదేశ్ కార్యాలయాలకు భద్రత పెంచారు. త్రిపుర పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. విధుల్లో నిర్లక్ష్యం కింద ముగ్గురు ఎస్సైలను సస్పెండ్ చేశారు. ముఖ్యమంత్రి మాణిక్ సాహా కూడా దాడిని ఖండించారు.

ఢాకా ఊరుకోలేదు. భారత హైకమిషనర్ ప్రణయ్ వర్మను పిలిపించి నిరసన తెలిపింది. అగర్తలాలో వీసా సేవలు నిలిపేసింది. వారం తిరిగేసరికి మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ఢాకా వెళ్లారు. మాటలు మళ్లీ మొదలయ్యాయి కానీ, అగర్తలాలో వీసా కౌంటర్ మళ్లీ తెరుచుకోవడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఇందులో పెద్ద చేదు ఒకటి ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగినప్పుడు త్రిపుర దాదాపు తన జనాభా అంతమంది శరణార్థులకు నీడ ఇచ్చింది. అగర్తలా పేరు చెప్తే బంగ్లాదేశ్‌లో పాతతరం కళ్లు చెమర్చేవి. ఆ ఊళ్లోనే ఆ దేశం జెండా నేలపాలైంది.

2025లో మళ్లీ అదే మంట

2024 డిసెంబర్‌లోనే హసీనాను అప్పగించాలని ఢాకా అధికారికంగా కోరింది. 2025 నవంబర్ 17న అక్కడి ట్రైబ్యునల్ ఆమె పరోక్షంలోనే మరణశిక్ష విధించింది. ఆమె మాత్రం భారత్‌లోనే ఉన్నారు. అక్కడి వీధుల్లో కోపమంతా ఢిల్లీ వైపు తిరగడానికి ఇదే పెద్ద కారణం.

2025 డిసెంబర్‌లో ఉద్యమ నేత షరీఫ్ ఉస్మాన్ హాదీ కాల్పుల్లో గాయపడి, సింగపూర్‌లో చికిత్స పొందుతూ మరణించారు. ఆ రాత్రి ఢాకాలో ప్రథమ్ ఆలో, డైలీ స్టార్ పత్రికల ఆఫీసులకు నిప్పు పెట్టారు. చట్టోగ్రామ్‌లో భారత అసిస్టెంట్ హైకమిషన్ మీద రాళ్లు రువ్వారు. దీంతో అక్కడ భారత వీసా సేవలు ఆపేయాల్సి వచ్చింది. మరోవైపు ఢిల్లీలో బంగ్లాదేశ్ హైకమిషన్ ముందు నిరసనలు జరిగాయి. రెండు రాజధానుల్లోనూ బారికేడ్లే బారికేడ్లు.

46 ఏళ్ల క్రితం టెహ్రాన్‌లో...

ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉందా? నిజమే. పదవి పోయిన పాలకుడు వేరే దేశంలో ఆశ్రయం పొందడం, ఆ దేశం ఎంబసీ మీద జనం విరుచుకుపడటం... 1979లో ఇరాన్‌లో జరిగింది కూడా ఇదే.

ఇరాన్ రాజు షా దేశం వదిలి పారిపోయారు. ఆ ఏడాది అక్టోబర్‌లో చికిత్స కోసం అమెరికా ఆయన్ను రానిచ్చింది. నవంబర్ 4న విద్యార్థుల గుంపు టెహ్రాన్‌లోని అమెరికా ఎంబసీ గోడలు దూకింది. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. వాళ్లను విడిపించడానికి 1980 ఏప్రిల్‌లో అమెరికా చేసిన సైనిక ఆపరేషన్ ఎడారిలోనే విఫలమైంది. 8 మంది అమెరికా సైనికులు చనిపోయారు. చివరికి అల్జీరియా మధ్యవర్తిత్వంతో 1981 జనవరి 20న బందీలు విడుదలయ్యారు. రీగన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన నిమిషాల్లోనే.

అయితే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అదే ఎంబసీ మీద అదే ఏడాది ఫిబ్రవరి 14న కూడా దాడి జరిగింది. సాయుధులు లోపలికి చొరబడ్డారు. అప్పుడు ఏం జరిగింది? కొత్త ప్రభుత్వం మనుషులే వచ్చి, కొన్ని గంటల్లో గుంపును బయటకు పంపేశారు. ఇరాన్ క్షమాపణ చెప్పింది. వ్యవహారం ముగిసింది.

ఒకే భవనం, ఒకే నగరం, అదే కోపం. ఫిబ్రవరిలో గంటల్లో ముగిసింది, నవంబర్‌లో 444 రోజులు సాగింది. తేడా గుంపులో లేదు. ప్రభుత్వం ఏం చేసిందన్న దాంట్లో ఉంది. నవంబర్‌లో ఖొమైనీ ఆ దాడిని సమర్థించారు. అంతే, అల్లరి కాస్తా దేశం విధానం అయిపోయింది.

అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మే 24న ఇచ్చిన తీర్పు కూడా ఈ తేడానే పట్టుకుంది. మొదట గుంపు లోపలికి చొరబడటం నేరుగా ఇరాన్ ప్రభుత్వం చేసిన పని కాదు, కానీ అడ్డుకోకపోవడం మాత్రం దాని తప్పే అంది. ఆ తర్వాత ప్రభుత్వం సమర్థించాక ఆ ఆక్రమణ మొత్తం ప్రభుత్వం చేసినట్టే అని తేల్చేసింది. నేటికీ అమెరికా, ఇరాన్ మధ్య దౌత్య సంబంధాలు లేవు. టెహ్రాన్‌లో అమెరికా వ్యవహారాలు స్విట్జర్లాండ్ ఎంబసీ చూస్తోంది.

వియన్నా ఒప్పందం ఏం చెప్తోంది?

ఎంబసీ అంటే ఆ విదేశానికి చెందిన భూమి అని చాలామంది అనుకుంటారు. సినిమాల్లోనూ అలాగే చూపిస్తారు. అది నిజం కాదు. ఢిల్లీలో ఉన్న అమెరికా ఎంబసీ స్థలం భారత భూభాగమే. కాకపోతే మన పోలీసులు అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఇది 1961 నాటి వియన్నా ఒప్పందం 22వ అధికరణం చెప్పే మాట.

అదే అధికరణం ఇంకో బరువైన బాధ్యత కూడా పెట్టింది. ఎంబసీలోకి ఎవరూ చొరబడకుండా, నష్టం కలగకుండా, ప్రశాంతతకు భంగం రాకుండా తగిన చర్యలన్నీ తీసుకోవడం ఆతిథ్య దేశం ప్రత్యేక విధి. మామూలు బాధ్యత కాదు, ప్రత్యేక విధి అని రాశారు. 45వ అధికరణం ప్రకారం రెండు దేశాల మధ్య సంబంధాలు తెగిపోయినా, చివరికి యుద్ధమే వచ్చినా సరే ఆ భవనాన్ని, అందులోని ఫైళ్లను కాపాడాల్సిందే. కాన్సులేట్లకు 1963 నాటి మరో ఒప్పందం ఉంది. అందులోనూ రక్షణ విషయంలో ఇదే మాట. భారత్ 1972లో వియన్నా ఒప్పందాన్ని దేశీయ చట్టంగా కూడా చేసుకుంది.

ఇంత గట్టి చట్టం ఉంటే మరి దాడులు ఎందుకు ఆగట్లేదు? ఎందుకంటే ఈ చట్టానికి సొంత పోలీసులు లేరు. దీన్ని నిలబెట్టేది ఒకే ఒక్క లెక్క... "నీ ఎంబసీ నా ఊళ్లో ఉంది, నా ఎంబసీ నీ ఊళ్లో ఉంది." అంతే.

2023 మార్చిలో ఈ లెక్క కళ్లకు కట్టింది. లండన్‌లో భారత హైకమిషన్ మీద ఖలిస్థాన్ మద్దతుదారులు దాడి చేసి జాతీయ జెండాను కిందకు లాగారు. అక్కడ పోలీసు భద్రత ఏమైందని భారత్ నిలదీసింది. మూడు రోజుల తర్వాత ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషన్ ముందున్న బారికేడ్లు మాయమయ్యాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా లండన్‌కు మెసేజ్ చేరింది. ఆ వెంటనే అక్కడ భారత హైకమిషన్ ముందు పోలీసులు భారీగా మోహరించారు.

గుంపుకి ఎంబసీయే ఎందుకు కావాలి?

మొదటి కారణం, అది చేతికి అందేంత దగ్గర్లో ఉంటుంది. ఢిల్లీ మీదో, వాషింగ్టన్ మీదో కోపం ఉంటే అక్కడిదాకా వెళ్లలేరు. వీధి చివర జెండా మాత్రం కనిపిస్తూ ఉంటుంది.

రెండో కారణం, పోలీసు యంత్రాంగం కూలిపోవడం. 2024 డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం పడిపోయిన రోజే డమాస్కస్‌లోని ఇరాన్ ఎంబసీని లూటీ చేశారు. అసద్‌కు అండగా నిలిచిన దేశం కాబట్టి ఆ కోపం. సిబ్బంది అప్పటికే వెళ్లిపోవడంతో ప్రాణనష్టం తప్పింది.

మూడోది, ప్రభుత్వం చేతకానితనం నుంచి దృష్టి మళ్లించే అవకాశం. 2025 జనవరిలో కాంగోలో ఎం23 తిరుగుబాటుదారులు గోమా నగరంలోకి ప్రవేశించారు. సొంత సైన్యం ఓడిపోతోంది. జనవరి 28న రాజధాని కిన్షాసాలో నిరసనకారులు రువాండా, ఉగాండా, ఫ్రాన్స్, బెల్జియం, అమెరికా, కెన్యా ఎంబసీల మీద పడ్డారు. తిరుగుబాటుదారుల వెనక రువాండా ఉందన్నది ఒక ఆరోపణ. మరి కెన్యా ఏం చేసింది? గుంపుకు ఆ తేడాలు పట్టవు.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరం, పుకారు. 1979 నవంబర్‌లో మక్కాలోని పవిత్ర మసీదును సాయుధులు ఆక్రమించారు. దాని వెనక అమెరికా ఉందంటూ పచ్చి అబద్ధం రేడియోల్లో పాకింది. నవంబర్ 21న ఇస్లామాబాద్‌లో అమెరికా ఎంబసీని తగలబెట్టేశారు. ఇద్దరు అమెరికన్లు, ఇద్దరు పాకిస్థానీ ఉద్యోగులు చనిపోయారు. పాక్ సైన్యం అక్కడికి రావడానికి గంటలు పట్టింది.

అది రేడియో కాలం. ఇప్పుడు చేతిలో ఫోన్. బంగ్లాదేశ్ అల్లర్ల సమయంలో పాత వీడియోలు, వేరే దేశాల వీడియోలు కొత్త క్యాప్షన్లతో తిరిగాయి. సరిహద్దుకు అటూ ఇటూ రెండువైపులా. నిజంగా జరిగిన దాడులు ఉన్నాయి, వాటిని తక్కువ చేయడానికి లేదు. కానీ అబద్ధపు వీడియో ఒక్కటి కలిస్తే నిజమైన బాధితుల మాట కూడా నమ్మేవాళ్లు ఉండరు. ఫార్వర్డ్ నొక్కే ముందు ఎప్పటిది, ఎక్కడిది అని చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని.

దాడి చేసిన దేశానికి ఏం మిగిలింది?

2016 జనవరిలో సౌదీ అరేబియా షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్‌కు మరణశిక్ష అమలు చేసింది. ప్రపంచమంతా సౌదీని విమర్శిస్తున్న సమయం. ఆ రాత్రి టెహ్రాన్‌లో సౌదీ ఎంబసీకి, మష్హద్‌లో కాన్సులేట్‌కు నిప్పు పెట్టారు. తెల్లారేసరికి చర్చ మారిపోయింది. సౌదీ సంబంధాలు తెంచుకుంది. ఆ దాడిని ఇరాన్ అధ్యక్షుడు రౌహానీయే తప్పుపట్టాల్సి వచ్చింది. బంధం మళ్లీ కలవడానికి 2023 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది, అదీ బీజింగ్ మధ్యవర్తిత్వంతో. ఒక్క రాత్రి మంటకు ఏడేళ్ల ఖరీదు.

చైనా ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 1999లో యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో చైనా ఎంబసీ మీద అమెరికా బాంబులు పడ్డాయి. పొరపాటు అంది అమెరికా. చైనాలో జనం అమెరికా కార్యాలయాల మీద రాళ్లు వేశారు. చివరికి అమెరికా ఎంబసీ నష్టానికి 2.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. తన దేశంలో పగిలిన అమెరికా భవనాలకు చైనా కూడా 28.7 లక్షల డాలర్లు కట్టింది. అంటే బాధిత దేశమైనా సరే, తన వీధిలో పగిలిన అద్దానికి బిల్లు కట్టక తప్పలేదు.

మనకేంటి సంబంధం?

ఇదంతా పెద్దపెద్ద దేశాల గొడవ, కరీంనగర్‌కో, కాకినాడకో ఏం సంబంధం అనిపించవచ్చు. చాలానే ఉంది.

గల్ఫ్‌లో పనిచేసే తెలుగు కార్మికుడికి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోతే ఔట్‌పాస్ ఇచ్చేది ఎంబసీయే. పరాయి దేశంలో ఎవరైనా చనిపోతే మృతదేహం ఇంటికి రావడానికి కాగితాలు ఇచ్చేదీ ఎంబసీయే. ఆ తలుపు మూతపడితే కష్టాల్లో ఉన్న మనిషి తట్టడానికి ఇంకో తలుపు ఉండదు.

2015 ఏప్రిల్‌లో యెమెన్ యుద్ధం అప్పుడు భారత్ ఆపరేషన్ రాహత్ పేరుతో 4,600 మందికి పైగా భారతీయులను బయటకు తెచ్చింది. అందరినీ తెచ్చాక సనాలో ఎంబసీ మూసేసి, సముద్రం అవతల ఉన్న జిబూటీకి మార్చింది. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ పట్టుకున్నప్పుడు మన సిబ్బందిని వాయుసేన విమానంలో తీసుకొచ్చారు. తర్వాత 2022 జూన్‌లో చిన్న టెక్నికల్ టీమ్ వెళ్లింది. పూర్తిస్థాయి ఎంబసీ హోదా తిరిగి ఇవ్వాలన్న ప్రకటన 2025 అక్టోబర్‌లో గానీ రాలేదు. నాలుగేళ్ల గ్యాప్.

బంగ్లాదేశ్ విషయంలోనూ నష్టపోయింది సామాన్యులే. వైద్యం కోసం కోల్‌కతాకు, చెన్నైకి, వెల్లూరుకు వచ్చే రోగులు వీసాల కోసం ఎదురుచూశారు. వాళ్ల మీద ఆధారపడిన లాడ్జిలు, మందుల షాపులు ఖాళీ అయ్యాయి. రాయి విసిరినవాడు ఆస్పత్రి క్యూలో లేడు. క్యూలో ఉన్నవాడు రాయి విసరలేదు.

హైదరాబాద్‌లోనూ అమెరికా, ఇరాన్, యూఏఈ కాన్సులేట్లు ఉన్నాయి. నానక్‌రామ్‌గూడలో తెల్లారకముందే ఫైలు పట్టుకుని లైన్‌లో నిలబడే పిల్లల్ని అడిగితే తెలుస్తుంది, ఆ గేటు ఒక్క వారం మూతపడితే ఎన్ని ఇళ్లలో నిద్ర ఉండదో.

చూడాల్సింది గుంపుని కాదు... ఆ తర్వాత గంటల్ని

ఏ దేశంలోనైనా గుంపు రావచ్చు. లండన్‌లో వచ్చింది, అగర్తలాలోనూ వచ్చింది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. పోలీసులు ఎంతసేపట్లో వచ్చారు? ప్రభుత్వం ఖండించిందా, "కానీ" అంటూ నసిగిందా? అరెస్టులు జరిగాయా? డ్యూటీలో ఉన్న అధికారి జవాబు చెప్పాడా? నష్టం ఎవరు కట్టారు?

ఈ ప్రశ్నలతో చూస్తే అగర్తలాలో భద్రత విఫలమైంది, కానీ స్పందన నిలబడింది. ఢాకా నుంచి, చట్టోగ్రామ్ నుంచి భారత్ అడగాల్సింది కూడా సరిగ్గా ఇదే. అలా అడిగే నైతిక హక్కు మనకు ఉండాలంటే మన గడ్డ మీద ఉన్న వాళ్ల జెండా భద్రంగా ఉండాలి. వాళ్ల జెండా మీద ప్రేమ ఉండాల్సిన పనిలేదు. అక్కడ మన జెండా కింద పనిచేసేవాళ్లు క్షేమంగా ఉండాలన్న ఆలోచన ఉంటే చాలు.

హసీనా ఢిల్లీలో ఉన్నంతకాలం ఈ ఒత్తిడి తగ్గదు. ఆమెను పంపాలా వద్దా అన్నది రెండు ప్రభుత్వాలు టేబుల్ దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆ టేబుల్ మిగలాలంటే ముందు ఆ భవనాలు మిగలాలి. టెహ్రాన్‌లో 1979 నవంబర్‌లో పోయింది అదే. నలభై ఆరేళ్లు గడిచినా అక్కడ ఇంకా ఎవరూ ఆ కుర్చీల్లో కూర్చోలేదు.